బూడిద రంగు గీత

ముగ్గుకని రెండు వేలు రాశారు లెక్కలో.
నా చేతికొచ్చింది అరబస్తా.
మిగతాదానికి పాలిషింగ్ యూనిట్ వెనక
ఎండి అట్టగట్టిన రాతిపిండి తెచ్చి కలిపా.
అందుకే ఆ శనివారం చీమకుర్తి గ్రౌండులో
గీతలన్నీ బూడిద రంగు.
తెల్లగా లేవేందిరా ఏసోబూ అంటే
రాయే నల్లదయ్యా, పిండి ఇంతకంటే తెలుపు
ఎట్టా వస్తదన్నా.

ఒంగోలు బస్సు దిగి వచ్చాడా అబ్బాయి.
ఇంజినీరింగు మూడో సంవత్సరం. దేశం మలావి అంట.
అది ఏ పక్కనుంటదో నాకు తెలీదు,
మా ఊరి రాళ్ళు పోయినంత దూరం
మేమింకా పోలా.
పేరు చికొండి.
రెండుసార్లు పలికి చూసి
మావోళ్ళు కొండయ్య చేసేశారు.
ఉన్న కొండని తవ్వి ఓడలెక్కించాం గదా,
బదులుకి ఒక కొండయ్య వచ్చాడులే అన్నాడు మౌలాలి
సోడాలో గోలీ నొక్కతా.

ఎక్స్‌పోర్టుకి పనికిరాని పగుళ్ళ పలక మీద కూర్చున్నాడు.
ఎండకి కాలి ఉండాది, చూసుకోలా.
ఎగిరి లేచి, నవ్వి,
సంచిలో లావుపాటి పుస్తకం తీసి కింద పెట్టుకున్నాడు.

ఇటు ఒడిశా నుంచొచ్చిన పాలిషింగ్ కుర్రోళ్ళు,
బూట్లు నలుగురికే.
అటు అద్దంకి జట్టు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు.
మాకేం తెలుసు,
బంతి ఎంత పైకి పోతే అంత ఈల.
అతను తల అడ్డంగా ఊపి
వేపకాయలేరి పలక మీద పేర్చి
ఇదిగో, ఇక్కడ కాయాలి, ఇట్టా ఇవ్వాలి అని
వచ్చీరాని తెలుగులో పాఠం మొదలెట్టాడు.
పిల్లకాయలు వేపకాయల్ని చూళ్ళా,
అతని జుట్టు చూశారు, అరచేతులు చూశారు.
జనంలో సగం ఆట చూశారు,
సగం అతన్నే చూశారు.
నేనే సగమో చెప్పను.

పాలిషింగోళ్ళు గోలు కొట్టినప్పుడు
చిగోలీ! అని అరిచాడు రెండు చేతులూ ఎత్తి.
మౌలాలి ముఖం మాడింది.
ఛీ గోలీయా? పొద్దున కడిగిన సీసాలబ్బయ్యా ఇయ్యి!
వాళ్ళ భాషలో గోలుని అట్టాగే అంటారని తెలిసి
నిమ్మకాయ సోడా ఒకటి ఊరకే ఇచ్చాడు,
ఉప్పు కాస్త ఎక్కువేసి.

ఫోను తీశాడు. బొమ్మ రాలా,
మాటొక్కటే పోతా ఉండాది.
అవతల వాళ్ళక్కంట.
ఫోను జనం వైపు తిప్పి, చెయ్యి చాపి
అట్టాగే పట్టుకున్నాడు శానాసేపు.
మా ఊరి రాయికే గానీ
మా ఊరి అరుపుక్కూడా గిరాకీ ఉందని
నాకప్పుడే తెలిసింది.

ఇంక ఐదు నిమిషాలుందనగా
ఆషాఢం గాలి లేచింది.
దుమ్ములోంచి కాలు, కాలు తగిలి బంతి,
బంతి మీద గోలు కాడి పిల్లోడు.
గీత దాటి పడ్డాడా, ఇవతలా?
దాటిందన్నారు అద్దంకోళ్ళు.
లేదని ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పారు వీళ్ళు.
డ్రిల్లయ్యవారు ఈల నోట్లో పెట్టుకునే
నా వైపు చూశాడు.
నేను గీత వైపు చూశా.
గీత లేదు.
నేలదీ అదే రంగు, గాలిదీ అదే రంగు.

కొండయ్యనడగండి, వాళ్ళ దేశమంతా ఇదే ఆటంట
అన్నారెవరో.
బూట్లున్నోళ్ళు, లేనోళ్ళు, అందరూ
పలక కాడికొచ్చారు.
అతను లేచి నిలబడ్డాడు.
మాటలు వెతుక్కున్నాడు.
బంతి నేను చూళ్ళేదు.
మీరు నన్ను చూస్తా ఉంటే
నేను మిమ్మల్ని చూశా.

ఎవరూ నవ్వలా. కాసేపటికి ఒకడు నవ్వాడు.
డ్రిల్లయ్యవారు బంతి నేలకేసి కొట్టి
ఆట సాగించాడు.
అద్దంకోళ్ళు ఓడారో, మేం ఓడించామో,
గాలి ఓడించిందో,
ఎట్టయినా అనుకోండి.

ఏడింటి బస్సెక్కాడు.
ప్యాంటు వెనక రాతిపిండి మరక.
నేను చెప్పలా.
ఒంగోలు దాకా పోనీ అనుకున్నా.

ఇప్పుడు పిల్లకాయలు గోలు పడితే
ఛీ గోలీ అంటారు. మౌలాలి పట్టించుకోడు.
శనివారం శనివారం గీతలు నేనే పోస్తా,
అదే బూడిద రంగు.
గుంజల మధ్య మాత్రం
మా ఆవిడ చూడకుండా ముగ్గుడబ్బా తెచ్చి
రెండు పిడికిళ్ళు తెల్లది.